చెల్లెలి మార్కుల్లో నేను తీసిన తరుగు

తొమ్మిదేళ్లుగా ఒక బరువు మోస్తున్నాను. దించే చోటు దొరకలేదు. ఇంట్లో దించలేను, చర్చిలో దించలేను, మిల్లులో అసలే దించలేను. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియదు. అందుకే మీ ముందు దించుతున్నాను.

లెక్కతోనే మొదలుపెడతాను. నాకు వేరే విధంగా మాట్లాడడం రాదు. పోయినవి ఇవి. నెదర్లాండ్స్‌లో విత్తనాల శాస్త్రం మీద రెండేళ్ల పీజీ చదువు, తిండి ఖర్చు, గది ఖర్చు వాళ్లే పెట్టుకునేది. ఆ చదువు తర్వాత వచ్చి ఉండాల్సిన ఉద్యోగం. అది ఎలాంటిదై ఉండేదో తెలియదు కాబట్టి లెక్కలో వేయడం కష్టం, వేయకుండా వదిలేయడం ఇంకా కష్టం. ఆళ్లగడ్డలో విత్తనాల ల్యాబు ఇన్‌ఛార్జి కుర్చీ. పిలిచి ఇస్తామన్నా వద్దనుకున్నది. క్రిస్మస్ ఆరాధనలో ఇంగ్లీషు బైబిలు వాక్యం చదివే ఒక గొంతు. ఆ గొంతు మళ్లీ లేవలేదు. ఇవన్నీ ఒక ఎత్తు. ఒక మనిషికి తన కన్ను మీద తనకు ఉండే నమ్మకం ఇంకో ఎత్తు. అదీ పోయింది.

అన్నీ ఒకే మనిషివి. నా చెల్లెలివి. పోగొట్టింది నేను. ఆమెకు ఈ రోజుకీ తెలియదు.

ఆమె అసలు పేరు రాయను. మణి అంటాను. నాకంటే పన్నెండేళ్లు చిన్న. మా నాయన పోయేనాటికి నేను పదో తరగతి, ఆమెకు నాలుగేళ్లు. పరీక్షలు రాసిన వేసవిలోనే నంద్యాలలో ఒక రైసు మిల్లులో చేరాను. మొదట బస్తాలు కుట్టాను. తర్వాత కాటా దగ్గర కూర్చున్నాను. శాతాలు, వడ్డీలు, తేమ లెక్కలు ఎవరూ నేర్పలేదు, నాకు నేనే నేర్చుకున్నాను. ఇంగ్లీషు కూడా అలాగే, పాత పేపర్లు చూసి, ఒక చిన్న డిక్షనరీ పెట్టుకుని. చదివితే అర్థమయ్యే వరకు వచ్చింది. మాట్లాడే వరకు రాలేదు. మిల్లు చుట్టుపక్కల నాకొక పేరుంది. తరుగు తీస్తాడు గానీ లెక్క తప్పడు అంటారు. ఆ పేరు మీదే బతికాను. ఆ పేరుతోనే ఈ పని చేశాను.

తరుగు అంటే తెలియనివాళ్లకు చెప్పాలి. ధాన్యం లారీ వచ్చి కాటా మీద నిలబడుతుంది. కాటా ఎంత చూపిస్తే అంత రాయం. తేమకు కొంత, మట్టికి కొంత, గింజ లేని తాలుకు కొంత తీసేసి రాస్తాం. తీసేసిన దాన్ని తరుగు అంటాం. రైతుకూ తెలుసు. గొణుగుతాడు, సంతకం పెడతాడు, పోతాడు. ఇన్నేళ్లు ఆ పని చేసిన చేతికి, వచ్చిన అంకెను వచ్చినట్టే రాయడం చేతకాదు. అంకె కనబడగానే అందులోంచి కొంత తీసేయాలనిపిస్తుంది. తీయకపోతే నేనే మోసపోయినట్టుంటుంది.

మణి బీఎస్సీ చదివింది. నా జీతంతో. ఈ మాట ఇక్కడ రాయాల్సిన అవసరం లేదు, అయినా చెయ్యి రాసేసింది. చూశారా, నా చెయ్యి అలాంటిది.

చదువయ్యాక ఆళ్లగడ్డలో ఒక విత్తనాల కంపెనీ ల్యాబులో చేరింది. తడి కాగితంలో వంద గింజలు చుట్టి పెడతారు. కొన్ని రోజుల తర్వాత విప్పి, ఎన్ని మొలిచాయో, అందులో ఎన్ని బాగున్నాయో లెక్క పెడతారు. ఆమె ఒక్కసారి చూసి చెప్పేసేది. రెండోసారి చూసే అలవాటు లేదు. పై అధికారి ఒకసారి వెనకాలే మళ్లీ లెక్క పెట్టించి, ఒక్క గింజ కూడా తేడా రాలేదని నలుగురిలో చెప్పాడట. నంద్యాల వచ్చినప్పుడు నాకు చెప్పింది. మన ఇంటి రక్తంలోనే ఉందిలే అని ఇద్దరం నవ్వుకున్నాం.

ఆ అధికారే నెదర్లాండ్స్ సంగతి చెప్పాడు. దరఖాస్తు చేయాలంటే ముందు ఒక ఇంగ్లీషు పరీక్ష రాయాలి. పైచదువులకు సరిపడా ఇంగ్లీషు వచ్చని చూపించే పరీక్ష. నాలుగు భాగాలు. చదివేది, వినేది, రాసేది, మాట్లాడేది. రాసేదీ మాట్లాడేదీ ఆ అధికారి చూసి ఇబ్బంది లేదన్నాడు. మిగిలిన రెండూ కలిపి అరవై మార్కులు. ఫీజు ఆమె నెల జీతం కంటే ఎక్కువ. పైగా ఖర్చులన్నీ వాళ్లే పెట్టుకునే ఆ సాయం ముప్పై మూడేళ్ల లోపు వాళ్లకే. మణికి అప్పుడు ముప్పై రెండు. ఆ ఏడు దాటితే ఇంక లేదు.

అందుకని తనకు తనే ఒక కట్టడి పెట్టుకుంది. సాధన కోసం రాసే పరీక్షల్లో అరవైకి యాభై, వరసగా రెండుసార్లు రావాలి. వస్తే ఫీజు కడుతుంది. రాకపోతే కట్టదు. ఉన్న డబ్బును గాలికి వదిలే మనిషి కాదు ఆమె. ఆ విషయంలోనూ మా ఇంటి మనిషే.

పరీక్షల పుస్తకం తెప్పించుకుంది. జవాబుల కీ చివరి పేజీల్లో ఉంది. అది తన దగ్గర ఉంటే చూడకుండా ఉండలేనని, ఆ పేజీలు కత్తిరించి నాకిచ్చింది. ప్రతి ఆదివారం ఆళ్లగడ్డ చర్చిలో పొద్దుటి ఆరాధన కాగానే బస్సెక్కి నంద్యాల వచ్చేది. ఆదివారం మిల్లు ఆగి ఉంటుంది. కాటా గది నిశ్శబ్దంగా ఉంటుంది. తవుడు వాసన తప్ప ఏమీ ఉండదు. అక్కడ కూర్చుని చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని రాసేది. నేను గడియారం చూసేవాణ్ని. తర్వాత కీ తీసి దిద్దేవాణ్ని. ఆమె బయట అరుగు మీద కూర్చుని ఎదురుచూసేది.

మొదటి ఆదివారం నలభై మూడు వచ్చాయి. నలభై అని చెప్పాను.

ఎందుకు? అప్పుడు నాకు నేను చెప్పుకున్న కారణం ఇది. కాటా గదిలో అన్న పక్కన కూర్చుని రాసింది. అసలు పరీక్ష హాల్లో గుండె దడదడలాడుతుంది, చెమట పడుతుంది. ఇక్కడ వచ్చిన మార్కులో కొంత తేమ ఉంది. ఆ తేమను ఇప్పుడే తీసేస్తే రేపు మోసపోదు. ఈ మాట ఎంత తియ్యగా అమరిందో చూడండి. మిల్లులో పనిచేసేవాడు తప్ప ఇంకొకడు ఇలా ఆలోచించడు. నేను నమ్మాను కూడా. బహుశా రెండు ఆదివారాలు నిజంగానే నమ్మాను.

కానీ అంకె తగ్గించి చెప్పి ఊరుకుంటే సరిపోలేదు. ఆమె తప్పులు చూపించమంది. సరైన జవాబులు మూడింటి మీద నేను ఎర్ర ఇంకుతో ఇంటూ కొట్టాల్సి వచ్చింది. ఇది బి కాదు, సి అని చెప్పాల్సి వచ్చింది. అదే నేను చేసిన అసలు నేరం. మార్కులు తగ్గించడం ఆ తర్వాతదే.

ఆమె ఆ పేరా మళ్లీ చదివింది. ఇంకోసారి చదివింది. నుదురు ముడిపడింది. నేను కీ పేజీని మోకాలి కింద పెట్టుకుని కూర్చున్నాను. ఆమె అడిగితే, చూపించమంటే, ఆ రోజే అంతా అయిపోయేది. అడగలేదు. కాసేపటికి ఆమె ముఖం విప్పారింది. ఔన్నా, ఇప్పుడు తెలిసింది, నేనే తొందరపడినా, సి నే కరెక్టు అంది. ఎందుకు సి కరెక్టో నాకు వివరించింది. లేని కారణాన్ని కష్టపడి వెతికి, కనిపెట్టి, సంతోషపడింది.

అలా ప్రతి ఆదివారం జరిగింది. ఆమె సరిగ్గా చదివిన చోట తప్పు చదివానని నమ్మింది. సరిగ్గా విన్న చోట చెవి మోసం చేసిందని నమ్మింది. నేను దేన్ని కాదంటే దాన్ని కాదనడానికి కారణాలు తనే తెచ్చిచ్చింది. తెలివైన మనిషిని చెడగొట్టడం సులువని నాకు అప్పుడు తెలిసింది. మొద్దు మనిషైతే పోట్లాడుతుంది. తెలివైనది తనలో తప్పు వెతుక్కుంటుంది.

అయినా ఆమె పెరుగుతూనే ఉంది. ఇది నన్ను భయపెట్టింది. వారం వారం నేను ఎంత తీసినా అడుగు నుంచి ఇంకా ఊరుతోంది. ఆళ్లగడ్డ నుంచి బస్సులో వస్తూ చదివేది. ల్యాబులో మొలకలు కాగితంలో చుడుతూ ఫోనులో వినేదట.

ఆరో ఆదివారానికి ముందు ఒక సంగతి జరిగింది. నెదర్లాండ్స్ కాలేజీ నుంచి వచ్చిన ఒక మెయిలు పట్టుకుని మణి వారం మధ్యలో మిల్లుకు వచ్చింది. మార్కులు వస్తే చేర్చుకోవడానికి సిద్ధమేనని అందులో ఉంది. చదివి వినిపించి వెళ్లిపోయింది. మా సావుకారి అక్కడే ఉన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు, నోరు మాత్రం ఆగదు. ఏమప్పా, మీ చెల్లెలు దొరసాని అయితాందంట గదా, ఇంగ నువ్వు దొరసానికి అన్నవు కాదులే, ఈడ కాటా గుమాస్తావే అన్నాడు. హమాలీలు నవ్వారు. నేనూ నవ్వాను.

సావుకారి మీద వేయడానికి ఈ మాట రాయడం లేదు. ఆయన ఆ మాట అనకపోయినా నేను ఇంకొకటి వెతుక్కునేవాణ్ని. ఎప్పటినుంచో నాలో ఉన్నదానికి ఆయన పేరు పెట్టాడు, అంతే. ఏమిటది? నేను మోసిన పిల్ల నన్ను దాటి పోతుందన్న మంటా? అది కొంత. నేను పదో తరగతిలో వదిలేసిన చదువు ఆమె పూర్తి చేస్తుందన్న కుళ్లా? అదీ కొంత. కానీ ఇవి రెండూ చెప్పుకుంటే ఎవరో ఒకరు జాలిపడతారు. జాలి పడని కారణం ఒకటుంది. అది చెప్పడానికే ఇంత దూరం వచ్చాను.

నాకు ఆ ఆదివారాలు ఇష్టం.

ఆమె అరుగు మీద కూర్చుని నా నోటి కోసం ఎదురుచూడడం ఇష్టం. నేను కావాలని నెమ్మదిగా దిద్దడం, పెన్ను మూత పెట్టి మళ్లీ తీయడం ఇష్టం. అంకె చెప్పగానే ఆమె ముఖం వాడిపోయే ఆ క్షణం ఇష్టం. ఆ రోజు మధ్యాహ్నం నాకు బాగా ఆకలేసేది. ఇంటికి తీసుకుపోయి, కోడికూర చేయించి, నా చేత్తో వడ్డించి, తిను మే, మార్కులదేముంది, వస్తాయిలే అనేవాణ్ని. ఆమె కళ్లు తుడుచుకుని తినేది. నా భార్య నన్ను చూసి ఇలాంటి అన్న ఉండాలి అనేది. ఆ మాట విని ఇంకో ముక్క వేసేవాణ్ని. కొట్టినవాడు మందు రాస్తే వచ్చే సుఖం మీకు తెలుసా? తెలియకపోతే మంచిదే. నాకు తెలుసు.

ఆరో ఆదివారం ఆమెకు యాభై వచ్చాయి. నలభై ఐదు చెప్పాను. ఏడోసారి యాభై రెండు వచ్చాయి. నలభై ఆరు చెప్పాను. అంటే ఆమె పెట్టుకున్న కట్టడి ప్రకారం ఆ సాయంత్రమే వెళ్లి ఫీజు కట్టాల్సింది. ఆమె గెలిచింది. గెలిచినట్టు ప్రపంచంలో ఒక్క మనిషికే తెలుసు. ఆ మనిషి ఆమెను ఆళ్లగడ్డ బస్సెక్కించి, కిటికీ దగ్గర నిలబడి, ఇంకొంచెం కష్టపడు అని చెప్పి పంపాడు.

ఇక్కడ తేమ లేదు, తాలు లేదు. పరీక్ష హాలు భయం అని సాకు చెప్పుకోవడానికి కూడా ఏమీ లేదు. తెలిసి చేశాను.

తొమ్మిదోసారి యాభై నాలుగు వచ్చినప్పుడు నలభై ఏడు చెప్పాను. అదే నేను చేసిన పొరపాటు. ఎక్కువ చెప్పేశాను. ఆమె కళ్లల్లో ఆశ కనబడింది. నలభై ఏడు వచ్చిందంటే యాభై ఎంత దూరం, వచ్చే వారం కూడా ఇట్లే వస్తే కట్టడి పక్కన పెట్టి ఫీజు కట్టేస్తానంది. గడువు దగ్గరపడింది. పదో ఆదివారమే ఆఖరిది.

పదోసారి ఆమె రాస్తుంటే చూశాను. తల ఎత్తలేదు. పెన్ను ఆగలేదు. దిద్దాను. అరవైకి యాభై ఐదు. అంత మంచి పేపరు నేను దిద్దలేదు. కిటికీలోంచి చూస్తే ఆమె అరుగు మీద కూర్చుని చెప్పు కొసతో మట్టిలో గీతలు గీస్తోంది. ఒక్క నిమిషం నా మనసు ఊగింది. నిజం. యాభై ఐదు అని నోటి దాకా వచ్చింది. ఆ నిమిషంలో నేను వేరే మనిషిని కాగలిగేవాణ్ని. కాలేదు. ఎర్ర పెన్ను తీసి పది సరైన జవాబులు వెతికాను. వెతికి, ఒక్కొక్కటీ కొట్టేశాను.

పిలిచాను. వచ్చి గుమ్మంలో నిలబడింది.

"ఎంతొచ్చిందన్నా?"

"నలభై ఐదు."

"పోయిన వారం నలభై ఏడు గదా?"

"ఔ."

"తగ్గిందా?"

"తగ్గింది."

లోపలికి రాలేదు. గుమ్మం పట్టుకుని కాటా వైపు చూసింది.

"అన్నా, ఒకటడుగుతా. కోపం చేసుకోవు గదా?"

తెలిసిపోయిందనుకున్నాను. "అడుగు మే" అన్నాను.

"నేను ఏడుస్తానని నాలుగైదు మార్కులు కలిపి చెప్తాండావేమోన్నా? అంతకన్నా తక్కువొచ్చింటే చెప్పెయ్. నేనేమీ అనుకోను."

ఇది రాయడానికి నాకు తొమ్మిదేళ్లు పట్టింది. ఆమె నన్ను అనుమానించింది. నేను ప్రేమతో మోసం చేస్తున్నానని అనుమానించింది.

"కాటా కాడ సొంత మామకే పావుకేజీ కలపనోన్ని. నీకు కలుపుతానా?" అన్నాను.

నవ్వింది. ఏడుస్తూనే నవ్వింది. "అదీ నిజమేలే. మామ ఇంగా తిడ్తానే ఉండాడు నిన్ను."

"తిట్టనీ."

"అయితే నాకు రాదులేన్నా ఇది. ఊరికే ఆశపడినా. నీ ఆదివారాలన్నీ పాడుచేస్తి."

"ఏం పాడు? దా, అన్నం తిందాం."

తిన్నాం. ఆ రోజు కూడా నేను బాగా తిన్నాను.

సోమవారం మిల్లు నడవగానే ఆమె పేపర్లు, కీ పేజీలు అన్నీ ఊక పొయ్యిలో వేశాను. క్షణంలో పోయాయి. ఫీజు కోసం దాచిన డబ్బులో కొంత తీసి, మణి క్రిస్మస్‌కు నాకు ప్యాంటు షర్టు గుడ్డ తెచ్చింది. ఇన్ని వారాలు నాకోసం కూర్చున్నావు గదా అంది. కుట్టించుకున్నాను. వేసుకుని చర్చికి వెళ్లాను. ఎప్పటిలాగే ఇంగ్లీషు వాక్యం చదవమని పాస్టరమ్మ మణిని పిలిస్తే, ఆ ఏడు చెయ్యి అడ్డం ఊపి వెనక వరసలో కూర్చుండిపోయింది. కొత్త షర్టులో నేను మూడో వరసలో ఉన్నాను.

ఆ తర్వాత ఏడు, ల్యాబులో ఆమె కింద చేరిన కొలిమిగుండ్ల పిల్ల అదే పరీక్షకు చదివింది. మణి తన పుస్తకం ఆ పిల్లకు ఇచ్చేసింది. సాయంత్రాలు కూర్చుని చెప్పింది కూడా. కీ ఆ పిల్ల ఫోనులో వెతుక్కుంది. అసలు పరీక్షలో ఆ రెండు భాగాలూ కలిపి ఆ పిల్లకు నలభై ఏడు వచ్చాయి. అవే సరిపోయాయి. వెళ్లిపోయింది. అంటే నా తరుగు పోను మిగిలిన మార్కులతో కూడా మణికి సీటు వచ్చేదేమో. యాభై అన్న గీత ఆమె జాగ్రత్త కొద్దీ గీసుకున్నది. నాకు ఆ సంగతి అప్పుడు తెలియదు, తెలిసినా చేసేవాణ్నే.

మణి ఆ రోజు ల్యాబులో అందరికీ మైసూరుపాకు పంచింది. నాకూ ఒక డబ్బా తెచ్చింది. నేను చెప్పిచ్చిన పిల్ల పాసయ్యింది, నేను మాత్రం పాస్ కాలేకపోతి, చెప్పేది వచ్చుగానీ చేసేది రాదు నాకు అంది. నవ్వుతూనే అంది.

ఇన్‌ఛార్జి పోస్టు వచ్చినప్పుడు, బయటి దేశం వాళ్లతో ఇంగ్లీషులో మాట్లాడాల్సి ఉంటుందని తెలిసి వద్దంది. నాకు ఇంగ్లీషు రాదు సార్ అని చెప్పిందట. ఆమెకంటే ఆరేళ్లు చిన్నవాడు ఆ కుర్చీలో కూర్చున్నాడు.

ఇది కూడా తట్టుకున్నాను. రెండేళ్ల కిందట ఏదో పని మీద ఆళ్లగడ్డ పోయి ల్యాబులో ఆమె పని అయ్యేవరకు కూర్చున్నాను. తడి కాగితం విప్పింది. మొలకలు లెక్కపెట్టింది. మళ్లీ పెట్టింది. మూడోసారి వేలితో ఒక్కో మొలకనూ తాకుతూ పెట్టింది. అప్పటికీ రాయలేదు. పక్క టేబులు పిల్లను పిలిచి, ఒకసారి నువ్వు చూడుమా, నా కన్ను సరిగ్గా ఉండదు అంది. ఆ పిల్ల చూసి అదే అంకె చెప్పింది. అప్పుడు రాసింది.

నా చెల్లెలి కళ్లకు ఏ జబ్బూ లేదు. ఆ జబ్బు నేను పెట్టింది. పది ఆదివారాలు, ఎర్ర పెన్నుతో.

ఆ రోజు చెప్పి ఉండాల్సింది. ల్యాబు బయట టీ తాగాం. బస్టాండు దాకా నడిచాం. చెప్పలేదు. ఎందుకు చెప్పలేదు? చెబితే ఆమెకు ఏమొస్తుంది, వయసు దాటింది, చదువు పోయింది, అన్న కూడా పోతే ఆమెకు ఎవరున్నారు అనుకున్నాను. మంచి సాకు. ఎప్పటిలాగే నా సాకులు ఆమె మేలు కోరుతున్నట్టే ఉంటాయి. నిజం చిన్నది. లెక్క తప్పడన్న పేరు పోతుందని భయం. అంతే. ఒక మనిషి కన్నుకు, ఒక కాటా గుమాస్తా పేరుకు మధ్య నేను పేరునే ఎంచుకున్నాను. ఇప్పటికీ ఎంచుకుంటూనే ఉన్నాను. ఇందులో కూడా నా పేరు రాయలేదు కదా.

ఇప్పుడెందుకు రాస్తున్నానో చెప్పాలి. నా కూతురు డిగ్రీ చివరి ఏడు. ఆమె కూడా అదే పరీక్షకు తయారవుతోంది. జవాబులు కాగితం మీద రాసుకుంటుంది, ఫోనులో ఎక్కిస్తే ఫోనే దిద్దుతుంది. పోయిన నెల మణి ఇంటికి వచ్చింది. పిల్ల అత్తకు మార్కులు చూపిస్తోంది. నేను పక్క గదిలో ఉన్నాను.

"మిషన్‌ను నమ్మొద్దు మే" అంది మణి. "మీ నాయనతో దిద్దిచ్చుకో. బాధైనా సరే, ఉన్నదున్నట్టు చెప్తాడు. నాకు అట్ల చెప్పబట్టే గదా, ఆ ఫీజు దుడ్లు మిగిలింది."

పిల్ల పరీక్ష కాగితాలు పట్టుకుని నా గదిలోకి వచ్చింది. నాయనా, అత్త నిన్ను దిద్దమంటాంది అంది. అందుకుని, కళ్లజోడు కనబడలేదని తిరిగిచ్చేశాను. జేబులోనే ఉంది.

నా కూతురివి ఒక్క మార్కూ తీయనని నాకు తెలుసు. అందుకే దిద్దలేకపోయాను. నాకు తరుగు అలవాటు అన్నది కూడా అబద్ధమే. ఆ కాగితం చేతిలోకి రాగానే నా చెయ్యి ఏమీ తీయాలనుకోలేదు. అన్నీ ఉన్నదున్నట్టు వేయాలనుకుంది. అంటే ఆ పది ఆదివారాల్లోనూ వేయగలిగేది. వేయనిది మణికి మాత్రమే.

ఆమెకు చెబుతానా? చెబుతానని ఇక్కడ రాయడం తేలిక. రాస్తే మీరు నన్ను కొంచెం క్షమిస్తారు కూడా. కానీ నా మీద నాకు ఆ నమ్మకం లేదు. ఆదివారం ఆమె వస్తుంది. అన్నం పెడతాం. బహుశా అప్పుడు కూడా కోడికూర నేనే వడ్డిస్తాను.

ఎవరో ఒకరికి నిజం చెప్పాను. కొంచెం గాలి ఆడుతోంది. ఈ మాత్రం గాలికి కూడా నాకు హక్కు లేదు. తెలుసు. అయినా పీల్చుకుంటున్నాను.

ఆమె మార్కులు కాల్చేశాను గానీ మరిచిపోలేదు. అంకె మరిచిపోయే అదృష్టం నాకు లేదు. వచ్చినవి వచ్చినట్టు మొదటిసారి బయట పెడుతున్నాను. నలభై మూడు. నలభై రెండు. నలభై ఐదు. నలభై ఏడు. నలభై ఎనిమిది. యాభై. యాభై రెండు. యాభై ఒకటి. యాభై నాలుగు. యాభై ఐదు. కలిపితే నాలుగు వందల ఎనభై ఏడు. నేను ఆమెకు చెప్పినవి కలిపితే నాలుగు వందల ముప్పై ఐదు.

తిరిగిచ్చింది ఏమీ లేదు. బాకీ, ఈ రోజుకు, యాభై రెండు మార్కులు.